రోజూ రాత్రి ఆత్మ పరిశోధన: పావుగంటలో ఎలా చేయాలి

క్రిస్మస్ ముందు, ఈస్టర్ ముందు పాపసంకీర్తనానికి, అంటే గురువు (ఫాదర్) దగ్గర పాపాలు ఒప్పుకోవడానికి, లైన్లో నిలబడి గబగబా పాపాలు గుర్తు తెచ్చుకోవడం మనందరికీ అలవాటే. అది ఎలాగూ చేయాలి. నేను చెప్పేది రోజూ చేసే పరిశోధన గురించి. ఇందులో తప్పులతో పాటు ఇంకోటి కూడా చూస్తాం: ఈ రోజు నా మనసును ఏది ఎటు లాగింది, దేవుడి వైపా, ఆయనకు దూరంగానా?

దీన్ని ఒక పద్ధతిగా పెట్టింది స్పెయిన్‌కు చెందిన లొయోలా పునీత ఇగ్నేషియస్, తర్వాత యేసు సభను (జెస్విట్లను) స్థాపించినాయన. 1521లో పాంప్లోనా యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి కాలు విరిగి, నెలల తరబడి మంచంలో ఉన్నాడాయన. అడిగిన వీరగాథలు ఇంట్లో లేకపోవడంతో క్రీస్తు జీవితం, పునీతుల చరిత్రలు ఇచ్చారు. ఒక దొరసాని మెప్పు కోసం చేయబోయే సాహసాలు ఊహించుకుంటే ఆ కాసేపు హుషారుగా ఉండేది, తర్వాత మనసు ఎండిపోయేది. పునీతుల్లా బతకాలని ఊహించుకుంటే మాత్రం ఆ ఊహ అయిపోయాక కూడా సంతోషం మిగిలేది. ఈ తేడాను పట్టుకోవడం దగ్గరే అంతా మొదలైంది.

ఇక చేసే తీరు. ఫోన్ పక్క గదిలో పెట్టేసి కూర్చోండి. ముందు కృతజ్ఞత. 'అన్నిటికీ వందనాలు ప్రభువా' అని ఒక్క మాటలో కానిచ్చేయకుండా ఈ రోజుదే ఏదో ఒకటి పట్టుకోండి, జ్వరం తగ్గిన పిల్లాడో, బస్సులో సీటిచ్చిన కుర్రాడో. తర్వాత పవిత్రాత్మను వెలుగు అడగండి, ఎందుకంటే మన తప్పును మనమే వెనకేసుకురావడంలో మనల్ని మించినవాళ్లు లేరు.

అప్పుడు పొద్దున లేచిన దగ్గర్నుంచి ఒక్కో గంటా వెనక్కి చూడండి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టాలి. తోటి ఉద్యోగికి ప్రమోషన్ వచ్చిందని గ్రూపులో 'కంగ్రాట్స్' పెట్టారు సరే, పెట్టాక లోపల ఏం కదిలింది? అత్తగారు అన్న మాటకు మీరు నోరెత్తలేదు, అది ఓర్పేనా, లేక రేపు అనడానికి దాచుకున్నారా? సాయంత్రం జపమాల చెప్పడానికి ఎందుకంత బద్ధకం వేసింది? చేసిన పని ఒక్కటే చూస్తే వీటిలో తప్పేమీ కనపడకపోవచ్చు, దాని వెనక ఉన్న కదలికను చూడాలి, ఆ కదలిక చివరికి మిమ్మల్ని ఎక్కడ దింపిందో కూడా చూడాలి. మంచి కూడా కనిపిస్తుంది, దాన్ని వదిలేయకండి.

తర్వాత క్షమాపణ అడగండి, రేపటికి ఒకే ఒక్క విషయం అనుకోండి, పరలోక జపంతో ('పరలోకమందున్న మా తండ్రీ') ముగించండి. 'రేపటి నుంచి కోపం తెచ్చుకోను' లాంటివి పనికిరావు. 'రేపు పొద్దున పిల్లాడు ఆలస్యం చేస్తే అరవకుండా రెండు నిమిషాలు ఆగుతాను' అంటే రేపు రాత్రి చేశారో లేదో చూసుకోవచ్చు. ఇగ్నేషియస్ మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి చేయమన్నాడు గానీ, ఉద్యోగం, వంట చూసుకునే మనకు రాత్రి ఒక్కసారి కుదిరినా మంచిదే.

కొన్నాళ్లు ఇలా చేస్తే పెద్ద నిర్ణయాలప్పుడు ఉపయోగపడుతుంది. అయితే దైవచిత్తం వెతకాల్సింది మంచివైన రెండు దారుల మధ్య. కువైట్ వెళ్లి సంపాదించాలా, అమ్మానాన్నల దగ్గర ఉండాలా అన్నది వివేచించాల్సిన విషయం. కట్నం తీసుకోవాలా, లంచం ఇవ్వాలా అన్నవి కావు. వాటికి జవాబు మనకు ముందే తెలుసు, ప్రార్థన పేరుతో వాయిదా వేస్తాం అంతే.

మనసు చీకటిగా, ప్రార్థన చప్పగా ఉన్న రోజుల్లో, బాగున్నప్పుడు తీసుకున్న నిర్ణయాన్ని మార్చొద్దని ఇగ్నేషియస్ గట్టిగా చెప్పాడు. విసుగొచ్చిన రాత్రి రాజీనామా టైప్ చేయకండి. అలాంటప్పుడు ప్రార్థన తగ్గించకుండా ఇంకో నాలుగు నిమిషాలు ఎక్కువే కూర్చోండి. ఆ దిగులు వారాల తరబడి నిద్రను, తిండిని చెడగొడుతుంటే మాత్రం డాక్టర్‌ని కూడా కలవాలి. ఎటూ తేలకపోతే ఆయనదే ఇంకో ఉపాయం ఉంది: ముక్కూ మొహం తెలియని మనిషి ఇదే సమస్యతో మీ దగ్గరికొస్తే ఏం సలహా ఇస్తారో, అదే మీరు చేయండి. బైబిలు కళ్లు మూసుకుని తెరిచి వేలు పెట్టిన వాక్యాన్ని జవాబు అనుకోవడం, ప్రార్థన కూటంలో ఎవరో చెప్పిన ప్రవచనాన్ని పట్టుకుని పెళ్లి సంబంధం ఖాయం చేయడం, ఇవి వివేచన కిందకి రావు, నేనైతే వద్దనే అంటాను. విచారణ గురువుతోనో (మీ ఊరి చర్చి ఫాదర్), నమ్మకమైన సిస్టర్‌తోనో విషయం దాచకుండా మాట్లాడండి. ఎవరికీ చెప్పకు అని లోపల్నుంచి ఒత్తిడి వస్తోందంటే ముందు దాన్నే అనుమానించాలి.

ఒక హెచ్చరిక. కొందరికి ఈ అలవాటు భయంగా మారుతుంది. ఒప్పుకుని క్షమాపణ పొందిన పాపాన్నే మళ్లీ మళ్లీ తవ్వుతూ, సరిగ్గా చెప్పానా లేదా అని నిద్ర మానేస్తారు. స్పెయిన్‌లోని మన్‌రేసా ఊళ్లో ఉన్నప్పుడు ఇగ్నేషియస్‌కీ ఈ బాధ తప్పలేదు. మీకూ ఇలా ఉంటే ఒకే గురువు దగ్గరికి వెళ్లండి, ఆయన 'చాలు' అన్నచోట ఆగండి, పావుగంటకు అలారం పెట్టుకుని మోగగానే లేచి పడుకోండి.