లోపల జ్వరం అంటున్నారా, ముందు థర్మామీటర్ పెట్టి చూడండి

నలభై దాటిన ఆడవాళ్ళ నోట నేను ఎక్కువగా విన్న మాట "లోపల జ్వరంగా ఉంది, పైకి తెలీట్లేదు" అని. ఆ మాట అనేసి ఒక పారాసిటమాల్ వేసుకుని మళ్ళీ పనిలో పడిపోతారు. మా అమ్మ కూడా దాదాపు ఏడాది ఇలాగే నెట్టుకొచ్చింది, అర్ధరాత్రి చెమటకి జాకెట్టు తడిసిపోయేది, తెల్లారేసరికి ఒళ్ళు నొప్పులు, మేమేమో ఫ్లూ అనుకుని మాత్రలు తెచ్చిచ్చాం, ముట్లు ఆగే వయసని ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

అందుకే సెగలు వచ్చినప్పుడే థర్మామీటర్ పెట్టండి. 100.4 దాటితే అది జ్వరం. ముట్లు ఆగే దశలో (మెనోపాజ్) వచ్చే ఆవిర్లయితే మొహం, మెడ, ఛాతీ గుప్పున వేడెక్కి, చెమట పట్టి, కొన్ని నిమిషాల్లో పోతాయి, తర్వాత చలేస్తుంది కూడా, కానీ జ్వరం మాత్రం చూపించదు. ఈస్ట్రోజన్ తగ్గేసరికి ఒంటి వేడిని చూసుకునే మెదడు భాగం చిన్న తేడాకే కంగారుపడుతుంది, అంతే.

జలుబు తెలిసిందే, గొంతు గరగరతో మెల్లగా మొదలై వారం పది రోజుల్లో పోతుంది. ఫ్లూ అలా కాదు, పొద్దున బాగున్న మనిషిని సాయంత్రానికి మంచం ఎక్కిస్తుంది. షుగర్, ఆస్తమా ఉన్నవాళ్ళు, పెద్దవాళ్ళు మొదటి 48 గంటల్లోనే డాక్టర్ దగ్గరికెళ్ళాలి, ఫ్లూ మందు అప్పుడే బాగా పనిచేస్తుంది. రెండూ వైరస్‌లే కాబట్టి షాపులో అడిగి యాంటీబయాటిక్ తెచ్చుకోవద్దు. వానాకాలం జ్వరమైతే డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు ముట్టుకోవద్దు.

ఇంకో పని, పాల లెక్క రాసే గోడ క్యాలెండర్ మీదే సెగ వచ్చిన టైము, టెంపరేచర్, నెలసరి తేదీ రాయండి. నెలల తరబడి వచ్చిపోయేది జలుబు కాదని అక్కడే తెలిసిపోతుంది. పన్నెండు నెలలు వరసగా నెలసరి రాకపోతే మెనోపాజ్ అంటారు, మన దేశంలో సగటున 46-47 ఏళ్ళకే, కానీ ఈ ఇబ్బందులు అంతకు కొన్నేళ్ళ ముందే మొదలవ్వచ్చు.

గర్భసంచి తీయించుకున్నవాళ్ళకి నెలసరే రాదు కాబట్టి క్యాలెండర్‌లో ఈ ఆనవాలు దొరకదు, అలాంటి ఆపరేషన్లు దేశంలోనే మన ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్కువ, అదీ చిన్న వయసుకే, నాకు చాలా బాధనిపించే విషయం. పాత డిశ్చార్జ్ కాగితాలు తీసి అండాశయాలు ఉంచారా తీసేశారా చూడండి, రెండూ తీసేస్తే వెంటనే మెనోపాజ్ వచ్చేసినట్టే.

డాక్టర్ దగ్గరికి ఆ క్యాలెండర్ కాగితం తీసుకెళ్ళండి, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్ చూపించుకోండి. రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం సన్నజ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష తప్పనిసరి. చెమటతో పాటు ఛాతీ బరువుగా ఉన్నా, దవడ, చెయ్యి లాగుతున్నా వెంటనే ఆసుపత్రికి వెళ్ళిపోండి. నెలసరి ఏడాది పాటు ఆగిపోయాక మళ్ళీ ఒక్క చుక్క రక్తం కనిపించినా సిగ్గుపడి దాచొద్దు, ఆ వారంలోనే గైనకాలజిస్టుకి చూపించండి.