రిటైర్మెంట్ డబ్బు: నా నాలుగు గళ్ల లెక్క

రిటైరయ్యాక నా డబ్బును నాలుగు గళ్లుగా రాసుకున్నాను: షేర్లు 40 శాతం, బాండ్లు (ప్రభుత్వానికో కంపెనీకో వడ్డీకిచ్చే అప్పు) 35, బంగారం 10, నగదు 15. ఆ నగదు గడే నాకు ప్రాణం. రెండేళ్ల ఇంటి ఖర్చు అందులో ఉంటే, మార్కెట్ పడ్డప్పుడు షేర్లు తెగనమ్ముకోనక్కర్లేదు. 2022లో వడ్డీ రేట్లు పెరిగి చాలా దేశాల్లో షేర్లూ బాండ్లూ కలిసే పడ్డాయి. ఆ ఏడాదంతా నగదుతోనే గడిపాను. షేర్లు పడినా బాండ్లు ఉన్నాయిలే అన్న ధీమా కూడా అప్పుడే పోయింది.

ఏడాదికోసారి, పుట్టినరోజు మర్నాడు, నోట్‌బుక్ తీస్తాను. ఏ గడైనా ముందు రాసుకున్న శాతం నుంచి 5 పాయింట్లకు మించి పక్కకు జరిగితేనే (షేర్లు 45 దాటినా, 35 కిందికి దిగినా) చెయ్యి పెడతాను. ముందుగా, చేతికొచ్చిన వడ్డీ, డివిడెండ్లు (కంపెనీలు లాభంలోంచి పంచే వాటా) తగ్గిన గడిలో వేయండి. అమ్మితే పన్ను పడొచ్చు. అదీ చాలకపోతేనే పెరిగింది అమ్మి, మొదట నగదు నింపండి. రోజూ ధరలు చూడటం మాత్రం మానేశాను, మా ఆవిడ పోరు పడలేక.