రక్షణ సాక్ష్యం ఎలా చెప్పాలి? ముందు ఇంట్లో, తర్వాత బయట

ఆదివారం చర్చిలో, దేవుడు తమకు చేసింది చెప్పుకునే సాక్ష్యాల సమయంలో మైకు దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది చెప్పేది ఉద్యోగం వచ్చిందనో, వీసా దొరికిందనో, ఆపరేషన్ బాగా జరిగిందనో. చెప్పొద్దని కాదు, తప్పకుండా చెప్పాలి. కానీ రక్షణ గురించి, అంటే యేసు తమ పాపాలు క్షమించి తమను ఎలా మార్చాడో చెప్పమంటే మాత్రం "మాది మొదట్నించీ క్రైస్తవ కుటుంబమేనండీ, నాకేం సాక్ష్యం ఉంటుంది" అని కూర్చుండిపోతారు. బైబిల్లో లూకా సువార్త 17లో పదిమంది కుష్ఠరోగులూ బాగయ్యారు, తిరిగొచ్చి యేసు పాదాల దగ్గర సాగిలపడ్డవాడు ఒక్కడే, వాడూ యూదులు పరాయివాడిగా చూసే సమరయుడు. మేలు గురించి ఆ తొమ్మిదిమందీ చెప్పుకునే ఉంటారు. మీరు చెప్పాల్సింది మేలు చేసినవాడి గురించి.

అందుకే మనుషులకు చెప్పేముందు దేవుడికి చెప్పండి. ఒక నోట్‌బుక్ తీసుకుని, ఆయన మిమ్మల్ని దేన్నుంచి తప్పించాడో, దేన్ని క్షమించాడో ఎవరికీ చూపించాల్సిన పని లేకుండా రాసుకోండి. 116వ కీర్తన రాసినవాడు, దేవుడు నాకు చేసిన ఉపకారాలన్నిటికీ ఏం చెల్లించను అని అడిగి, రక్షణపాత్రను చేత పుచ్చుకుంటాను అంటాడు. చెల్లిస్తానన్నవాడు మళ్లీ పుచ్చుకుంటున్నాడు చూడండి. బాకీ తీర్చేద్దామని సువార్త చెప్పేవాళ్లు తొందరగా అలసిపోతారు, పైగా ఎదుటివాళ్లను మనుషులుగా కాక తీర్చాల్సిన లెక్కగా చూస్తారు.

ఇప్పుడు చెప్పేది సిద్ధం చేసుకోండి. అపొస్తలుల కార్యములు 26లో అగ్రిప్ప రాజు ముందు అపొస్తలుడు పౌలు చెప్పింది మంచి నమూనా: అంతకుముందు ఎలా ఉండేవాడు, దమస్కు దారిలో యేసు ఎదురైనప్పుడు ఏం జరిగింది, ఆ తర్వాత ఏం చేస్తున్నాడు. ఐదు నిమిషాలు చాలు. మన దగ్గర తరచూ జరిగేదేంటంటే తాగుడు, గొడవలు, అప్పుల కథ పావుగంట సాగి, ప్రభువు వచ్చేసరికి పాస్టరు గారు గంట కొడతారు. ఆ పాత కథ తగ్గించండి. భర్త తాగుడు గురించి చెప్పాలనుకునే అక్కలు ముందు ఆయన్ని అడగండి, ఆయన అక్కడే మూడో వరుసలో కూర్చుని తలదించుకుంటే అది సాక్ష్యం కాదు, పంచాయతీ. ఇక విశ్వాసుల ఇంట్లో పుట్టినవాళ్లు లేని పాపాలు కల్పించుకోనక్కర్లేదు. పౌలు శిష్యుడు తిమోతి విశ్వాసం అవ్వ లోయి, తల్లి యునీకే దగ్గర నుంచి వచ్చింది, పౌలు దాన్ని మెచ్చుకునే రాశాడు. అమ్మ నమ్మిన దేవుణ్ణి మీరు ఎప్పుడు సొంతంగా నమ్మారో అది చెప్పండి. తేదీ గుర్తులేకపోయినా ఫర్వాలేదు.

మొదట ఎవరికి చెప్పాలి? ఇంటివాళ్లకి. మార్కు 5లో దయ్యాలు వదిలినవాడు వెంట వస్తానంటే యేసు ఒప్పుకోకుండా ఇంటికి పంపాడు. మన ఒంగోలు ప్రాంతంలోనూ అలాగే మొదలైంది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతి చాలామంది చెబుతారు గానీ, దానికి పదకొండేళ్ల ముందు తోళ్ల వ్యాపారి యర్రగుంట్ల పెరయ్య తనవాళ్ల దగ్గర కూర్చుని తనకు తెలిసింది చెప్పాడు, 1867 జనవరిలో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఆయన ఊరు తాళ్లకొండపాడు వెళ్లేసరికి అక్కడ నమ్మినవాళ్లు సిద్ధంగా ఉన్నారు. ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని ఇప్పించి వేలమందికి కూలి దొరికేలా చేసిన క్లౌ, తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. కాబట్టి ఫీజు కడతాం, జబ్బు తగ్గుతుంది అని ఎవరికీ ఆశ చూపించొద్దు. సాయం చేయాలనిపిస్తే చేయండి, సువార్తతో ముడిపెట్టకుండా.

బయటివాళ్లతో మాట్లాడేటప్పుడు 1 పేతురు 3:15 చాలు: అడిగినవాళ్లకు, సాత్వికంతో. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది, కానీ అందులో ఇతరులను మతం మార్చే హక్కు లేదని 1977లో సుప్రీంకోర్టు తేల్చింది. హక్కు సంగతి పక్కనపెట్టినా, ఆఫీసులో మీ కింద పనిచేసేవాళ్లకి, మీ దగ్గర ట్యూషన్‌కొచ్చే పిల్లలకి చెప్పడం న్యాయం కాదు, వాళ్లు వద్దనలేరు. ఎదుటివాళ్ల దేవుళ్ల గురించి ఒక్క మాట కూడా వద్దు. "రక్తములో కడుగబడ్డాను" లాంటి మాటలు సంఘంలో సరే, పక్కింటి పిన్నిగారికి "నా తప్పులు ఆయన క్షమించాడని నమ్మాను, ఇప్పుడు రాత్రి నిద్రపడుతోంది" అంటే తెలుస్తుంది. పొద్దున్నే కాలనీ వాట్సాప్ గ్రూపులో వాక్యాల వీడియోలు పంపడం మాత్రం ఆపేయండి, ఎవరూ చూడరు, చిరాకు పడతారు.

వాళ్లే ఇంకా తెలుసుకోవాలంటే మార్కు సువార్త ఇవ్వండి, 16 అధ్యాయాలే, కలిసి చదవొచ్చు. తెలియని ప్రశ్న వస్తే తెలియదని చెప్పి, పాస్టరు గారిని అడిగి చెప్తాననండి. ఆసక్తి లేదంటే టీ తాగి వేరే కబుర్లు చెప్పుకోండి, వాళ్లింట్లో పెళ్లికి పిలిస్తే మామూలుగానే వెళ్లండి, మీ క్రిస్మస్ కేకు ముక్క ఎప్పటిలాగే పంపండి.