మధ్య దూరపు టార్గెట్ రైఫిల్‌కు బ్యారెల్ ఎన్ని అంగుళాలు ఉండాలి?

300 మీటర్ల నుంచి 600 గజాల దాకా కాల్చే రైఫిల్ కొనేవాళ్లు షాపులో మొదట అడిగేది ‘ఎంత పొడుగు బ్యారెల్‌కు ఎంత స్పీడు వస్తుంది?’ అని. అది చివర అడగాల్సిన ప్రశ్న. ముందు చట్టం, తర్వాత పోటీ రూలు, ఆ తర్వాత సైట్లు (గురి చూసే సాధనాలు), తూకం చూసుకోవాలి. ఇవన్నీ కుదిరాక ఇంకో అంగుళమో రెండంగుళాలో అటూ ఇటూ చేసే వీలు మిగిలితే అప్పుడు స్పీడు గురించి మాట్లాడుకోవచ్చు.

చట్టం ఎందుకు ముందంటే, మన దగ్గర బ్యారెల్ ఒకసారి కొన్నాక కోయించడం మన చేతిలో ఉండదు. ఆయుధాల చట్టం 1959, సెక్షన్ 6 ప్రకారం ఆ పనికి ప్రత్యేకంగా లైసెన్సు ఉన్నవాళ్లు తప్ప ఎవరూ తుపాకీ బ్యారెల్‌ను కురచ చేయకూడదు. విదేశీ వీడియోల్లో ‘ముందు 30 అంగుళాలది తీసుకో, బరువనిపిస్తే రెండంగుళాలు తీసేయ్’ అంటుంటారు. ఆ సలహా వాళ్లకు చెల్లుతుంది, మనకు చెల్లదు. లేత్ మిషన్ ఉన్న వర్క్‌షాపు వరంగల్‌లో ఏ గల్లీలోనైనా దొరుకుతుంది, పని కూడా అరగంటదే. కానీ చేయించినవాళ్లూ చేసినవాళ్లూ ఇద్దరూ కేసులో ఇరుక్కుంటారు. కాబట్టి ఆర్డరు కాగితం మీద రాసే పొడుగే ఆఖరిది అనుకొని లెక్క వేసుకోవాలి. క్యాలిబర్, అంటే బోరు (బ్యారెల్ లోపలి రంధ్రం) వెడల్పు సంగతి కూడా అంతే. ఏ బోరు నిషిద్ధం, ఏది కాదు అన్నది లైసెన్సు ఇచ్చే అధికారి దగ్గర ముందే కాగితం మీద తేల్చుకొని, ఆ తర్వాతే బ్యారెల్ గురించి ఆలోచించండి.

రూలు పుస్తకం సంగతికొస్తే, మీరు ఏ పోటీకి వెళ్తారన్నదే సగం నిర్ణయం. అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య (ఐఎస్‌ఎస్‌ఎఫ్) 300 మీటర్ల స్టాండర్డ్ రైఫిల్‌ పోటీలో రైఫిల్ మొత్తం బరువు 5.5 కిలోలు దాటకూడదు. బ్యారెల్, ముందు సైటును ఇంకా ముందుకు జరపడానికి దాని కొసకు తొడిగే ఎక్స్‌టెన్షన్ ట్యూబు కలిపి 762 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా 30 అంగుళాలు మించకూడదు. ఇక్కడే చాలామంది తప్పు చదువుతారు. 762 అన్నది బ్యారెల్ ఒక్కదాని కొలత కాదు, ట్యూబుతో కలిపిన కొలత. 28 అంగుళాల బ్యారెల్ కొంటే ట్యూబుకు మిగిలేది రెండంగుళాలే. పడుకొని స్కోపుతో కాల్చే ఎఫ్-క్లాస్ పోటీల్లో ఎఫ్-టీఆర్ విభాగానికి పొడుగు గొడవ లేదు గానీ బైపాడ్‌తో (రెండు కాళ్ల స్టాండు), స్కోపుతో కలిపి 8.25 కిలోల లోపు ఉండాలి. క్యాలిబర్ కూడా .223 గానీ .308 గానీ అయి ఉండాలి.

పొడుగు కొలిచే పద్ధతి తెలియకపోతే అంకెలన్నీ గాలిలో మాటలే. రైఫిల్ ఖాళీగా ఉందని చాంబర్‌లోకి (బ్యారెల్ వెనుక కొసన తూటా కూర్చునే చోటు) కంటితో చూసి, వేలు పెట్టి చూసి ఖాయం చేసుకోండి. చాంబర్‌ను వెనుక నుంచి మూసే బోల్ట్ మూయండి. మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్డును, కొసకు మెత్తటి జాగ్ (తుడిచే గుడ్డను పట్టే ముక్క) తగిలించి, బోల్ట్ ముఖానికి ఆనేదాకా మెల్లగా దించండి. మూతి అంచు దగ్గర రాడ్డు మీద టేపు అంటించి, బయటికి తీసి ఆ మేర కొలవండి. రిసీవర్ బయట కనపడే ముక్కను మాత్రమే కొలిస్తే చాంబర్ భాగం లెక్కలోకి రాదు, తక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు స్పీడు. .308 లాంటి రౌండుకు (తూటాకు) 20 నుంచి 28 అంగుళాల మధ్య ఒక్కో అంగుళానికి సెకనుకు 20–25 అడుగుల వేగం పెరుగుతుంది. 24 నుంచి 30కి వెళ్తే 150 అడుగులు అనుకోండి. 175 గ్రెయిన్ల (గ్రెయిను బుల్లెట్ బరువు కొలత) మ్యాచ్ బుల్లెట్‌కు అడ్డంగా గంటకు 16 కిలోమీటర్ల గాలి వీస్తే, 600 గజాల దగ్గర ఆ 150 అడుగులు మిగిల్చేది సుమారు మూడంగుళాల జరుగుడు. పది పాయింట్లిచ్చే రింగు (పది రింగు) ఆరంగుళాల వెడల్పుండే ఎఫ్-క్లాస్ టార్గెట్ మీద అది చిన్న విషయమేమీ కాదు. అదే 300 మీటర్ల దగ్గర తేడా అంగుళం లోపే ఉంటుంది, అక్కడ పది రింగు 100 మిల్లీమీటర్ల వెడల్పు. కాబట్టి 300 మీటర్ల వరకే కాల్చేవాళ్లకు స్పీడు కోసం పొడుగు పెంచడం దండగ. ఇంకో మాట, డబ్బా మీద రాసిన స్పీడు చాలావరకు 24 అంగుళాల టెస్టు బ్యారెల్‌ది. మీది 20 అంగుళాలదైతే ఆ అంకె రాకపోవడం రౌండు తప్పు కాదు.

.22 సంగతి వేరు. అందులో మందు తక్కువ. 16–19 అంగుళాలు దాటాక వేగం దాదాపు పెరగదు, ఇంకా పొడుగైతే రాపిడికి కొంచెం తగ్గుతుంది కూడా. అయినా 50 మీటర్ల రైఫిళ్లు 26–27 అంగుళాలు ఎందుకుంటాయంటే సైటు దూరం కోసం, చేతిలో నిలకడ కోసం. కొందరు 20 అంగుళాల బ్యారెల్‌కు ట్యూబు తొడుగుతారు. బుల్లెట్ ఆ ఆరంగుళాల ముందే బయటపడడం వల్ల దాదాపు అర మిల్లీసెకను కలిసొస్తుంది. ట్రిగ్గర్ నొక్కగానే భుజం వదులు చేసే అలవాటున్నవాళ్లకు ఆ అర మిల్లీసెకనే కాపాడుతుంది.

సైట్ల దగ్గర మాత్రం కాస్త కుదురుగా ఆలోచించాలి. వెనుక సైటుకూ ముందు సైటుకూ మధ్య దూరాన్ని సైట్ రేడియస్ అంటారు. ముందు సైటును మీరు 0.1 మిల్లీమీటర్, అంటే ఒక మామూలు కాగితం మందం, పక్కకు పట్టారనుకోండి. సైట్ రేడియస్ 700 మిల్లీమీటర్లయితే 300 మీటర్ల దగ్గర దెబ్బ 43 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. 850 అయితే 35 మిల్లీమీటర్లే. పది రింగు మధ్య నుంచి అంచుకు ఉన్నదే 50 మిల్లీమీటర్లు గనక, ఆ ఎనిమిది మిల్లీమీటర్లు చాలాసార్లు పదికీ తొమ్మిదికీ మధ్య గీత అవుతాయి. స్కోపు వాడే పోటీల్లో ఈ లెక్కే లేదు, అందుకే అక్కడివాళ్ల సలహా ఐరన్ సైటు (స్కోపు లేకుండా ముందూ వెనుకా ఉండే సైట్లు) వాళ్లకు పనికిరాదు.

ఈ దూరం బ్యారెల్‌తోనే రావాలని లేదు, ట్యూబుతోనూ వస్తుంది. ఇనుము కంటే అల్యూమినియం గానీ కార్బన్ గానీ చాలా తేలిక. ట్యూబు తొడిగినప్పుడు చూడాల్సినవి రెండు. దాని లోపలి రంధ్రం బోరుతో ఒకే గీతలో ఉండాలి, బుల్లెట్‌కు ఎక్కడా తగలకూడదు. క్లాంప్ స్క్రూలు ప్రతిసారీ ఒకే బిగువుతో బిగించాలి. ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా బిగిస్తే గ్రూపు (దెబ్బలన్నీ గుంపుగా పడే చోటు) జరిగిపోతుంది, జనం దాన్ని రౌండ్ల మీదికో గాలి మీదికో నెడతారు. ట్యూబు లోపల మసి పేరుకుంటుంది, బ్యారెల్‌తో పాటే తుడవాలి. ముందు సైటు కంటికి దూరమైతే దాని లోపలి రింగు, అంటే మనం టార్గెట్‌ను చూసే గుండ్రం, చిన్నగా కనిపిస్తుంది. కంటికీ ముందు సైటుకూ దూరం 800 నుంచి 950 మిల్లీమీటర్లకు పెరిగితే, అంతకుముందు 3.6 మిల్లీమీటర్ల రింగు వాడినవాళ్లకు 4.3ది కావాలి. రింగు మార్చకుండా ‘కొత్త ట్యూబు పనికిరాలేదు’ అని తీసేసేవాళ్లు ఎక్కువ.

అసలు పరీక్ష తూకం దగ్గరుంది. 22 మిల్లీమీటర్ల మందమున్న బ్యారెల్‌కు .308 బోరులో అంగుళానికి సుమారు 66 గ్రాములు. నాలుగంగుళాలు పెంచితే 265 గ్రాములు. వినడానికి పావుకిలో పప్పు ఎక్కువేసినట్టే ఉంటుంది గానీ ఆ బరువు కొసన వేలాడుతుంది. 5 కిలోల రైఫిల్‌కు ఆ 265 గ్రాములు బ్యాలెన్సు పాయింటు నుంచి 700 మిల్లీమీటర్ల ముందు చేరితే, బ్యాలెన్సు పాయింటు 35 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది. ప్రోన్‌లో (బోర్లా పడుకొని కాల్చేటప్పుడు) చేతికి తగిలించే పట్టీ, అంటే స్లింగ్, మోస్తుంది గనక అది నిలకడ ఇస్తుంది. నిలబడి కాల్చేటప్పుడు మాత్రం ఎడమ చేయి, నడుము మోయాలి.

ఆర్డరు ఇచ్చే ముందే దీన్ని పైసా ఖర్చు లేకుండా అన్నట్టే చూసుకోవచ్చు. హార్డ్‌వేర్ షాపులో 25 బై 5 మిల్లీమీటర్ల ఇనుప ఫ్లాట్ పట్టీ 270 మిల్లీమీటర్లు కోయించుకోండి. అది దాదాపు 265 గ్రాములు తూగుతుంది. ఇంట్లో తరాజు మీద ఒకసారి వేసి చూడండి. బోల్ట్ తీసేసిన ఖాళీ రైఫిల్‌కు, 26 అంగుళాల బ్యారెల్ కింది వైపు, మధ్యలో పలుచని గుడ్డ పెట్టి పట్టీని టేపుతో కట్టండి. 85 మిల్లీమీటర్లు బ్యారెల్ కింద ఉండాలి, 185 ముందుకు పొడుచుకు రావాలి. అప్పుడు పట్టీ బరువు మధ్యభాగం మూతికి 50 మిల్లీమీటర్ల ముందు పడుతుంది. నిజంగా నాలుగంగుళాలు పెంచితే ఆ బరువు పడేది కూడా అక్కడే. ఇక మామూలుగా కాల్చే ప్రతి పొజిషన్‌లో మూడేసి నిమిషాలు, మధ్యలో దించుతూ, ఇరవైసార్లు గురి పట్టండి. మొదటి ఐదుసార్లు ఎవరికైనా బాగానే ఉంటుంది, పదిహేనోసారికి ముందు సైటు కిందికి జారుతోందా అన్నది చూడాలి. జారుతుంటే ఒక అంగుళం బరువు, అంటే 67 మిల్లీమీటర్లు పట్టీ కోసి మళ్లీ చూడండి. అప్పుడు కూడా పట్టీ మధ్యభాగం మూతి ముందు పడేలా జరుపుకోవాలి. ఒకరోజు సరిపోదు, మూడు రోజులు చేయండి.

పొడుగు పెరిగితే బ్యారెల్ గట్టిదనం కూడా తగ్గుతుంది. మందం మార్చకుండా 26 నుంచి 30కి వెళ్తే, కొసన అదే బరువు వేలాడినా వంగుడు ఒకటిన్నర రెట్లు అవుతుంది. ఆ గట్టిదనం తిరిగి రావాలంటే మందం 11 శాతం పెంచాలి, దాంతో బరువు మళ్లీ పెరుగుతుంది. స్టాండర్డ్ రైఫిల్ 5.5 కిలోలకే ఆగాలి గనక ఈ పరుగులో ఎక్కడో ఓడిపోతారు. పొడుగు, సన్నం బ్యారెల్ కంటే ఓ రెండంగుళాలు తక్కువున్న లావుపాటిదే మేలు. ‘ఫలానా పావు అంగుళం దగ్గర కోస్తేనే కంపనం కుదురుతుంది’ అనే మాటలు పట్టించుకోవద్దు. మీ బ్యారెల్‌కు ఏ లాటు (ఒకే విడతలో తయారైన) రౌండ్లు పడుతున్నాయో పరీక్షించి చూసుకోవడం దానికంటే ఎన్నో రెట్లు పనిచేస్తుంది.

మన ఎండల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో ఓరుగల్లులో 42 డిగ్రీలు మామూలే. వేడెక్కిన బ్యారెల్ మీద నుంచి లేచే సెగ సైటు ముందు టార్గెట్‌ను ఈదించినట్టు చేస్తుంది. బ్యారెల్ ఎంత పొడుగైతే సెగ లేచే చోటు అంత ఎక్కువ. సెగ సైటుకు అడ్డం రాకుండా ఆపే మిరాజ్ పట్టీ ఒకటి బ్యారెల్ మీద పొడుగునా వేసుకోండి, రౌండ్ల డబ్బా నీడలో పెట్టండి. వానాకాలంలో ట్యూబుకూ బ్యారెల్‌కూ మధ్య చెమ్మ నిలిచి తుప్పు పడుతుంది. ట్యూబు తొడిగే ఉంచి బీరువాలో పెట్టొద్దు.

ఇక అంకెలు. 300 మీటర్లే కాల్చే ఐరన్ సైటు రైఫిల్‌కు 26 అంగుళాల బ్యారెల్, మూతి దాటి నాలుగంగుళాలు వచ్చే ట్యూబు. రెండూ కలిపి రూలు గీత మీద ఆగుతాయి. తయారీలో ఒకటి రెండు మిల్లీమీటర్లు తేడా వస్తుంది గనక ట్యూబును 98 మిల్లీమీటర్లకే చేయించండి, గీతకు ఆనించకండి. 600 గజాలు స్కోపుతో కాల్చే .308కు 28, బరువు లెక్క ఒప్పుకుంటే 30. నిలబడి కూడా కాల్చే పోటీలుంటే 24–26 దాటొద్దు. 6 ఎంఎం బీఆర్ లాంటి చిన్న మందు రౌండుకు 26–28 చాలు.

రైలు ప్రయాణం మరిచిపోవద్దు. 26 అంగుళాల బ్యారెల్ ఉన్న బోల్ట్ రైఫిల్ మొత్తం 1150–1200 మిల్లీమీటర్లు ఉంటుంది, 30 అయితే ఇంకో 102 కలుపుకోండి. కాజీపేటలో ఎక్కి బెర్తు కింద పెట్టేసరికి పెట్టె లోపలి కొలత రైఫిల్ కంటే 50 మిల్లీమీటర్లు, బయటి కొలత దానికంటే మరో 40 ఎక్కువ కావాలి. పాత పెట్టె పట్టదని బ్యారెల్ వచ్చాక తెలుసుకుంటే దాని ఖర్చు వేరే.

డెలివరీ తీసుకునే రోజు రాడ్డుతో పొడుగు కొలిచి బిల్లుతో పోల్చండి. బ్యారెల్ మీది నంబరు, లైసెన్సు మీది నంబరు ఒక్కో అంకె చదివి సరిచూసుకోండి. తర్వాత దూది చుట్టిన పుల్లను మూతి లోపలి అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. దూది పోగు ఎక్కడైనా చిక్కుకుందంటే అక్కడ అంచుకు గీరుడు ఉన్నట్టే. ఆ రైఫిల్ అక్కడే కౌంటర్ మీద వదిలేసి రండి.