పుదుచ్చేరి వైట్ టౌన్‌లో నీడ పట్టున తిరగాలంటే

ఫ్రెండ్స్‌తో పుదుచ్చేరి వెళ్తే పది గంటలకల్లా ఎండకు అందరూ డీలా పడిపోతారు. చూడాల్సినవి సగం వదిలేసి ఏదో కేఫ్‌లో కూలబడతారు. ఫ్రెంచివాళ్ల కాలం నాటి పాత పేట వైట్ టౌన్‌లో దీనికి ఒక సులువుంది. డ్యూమా, రోమా రోలా, సఫ్రెన్ వీధులు ఉత్తర దక్షిణాలుగా, సముద్రానికి సమాంతరంగా సాగుతాయి. సముద్రం తూర్పున ఉంటుంది. కాబట్టి పొద్దున 11 లోపు సముద్రం వైపు ఫుట్‌పాత్ మీదే నడవండి, అటుపక్క ఎత్తైన గోడల నీడ మీ మీద పడుతుంది. మధ్యాహ్నం 2 దాటాక అవతలి వైపుకు మారండి. ఫొటోలకు మాత్రం ఎండలోకి రాక తప్పదు. పసుప్పచ్చ గోడ మీద వాలిన కాగితం పూలు వెలుగు పడితేనే బాగా వస్తాయి మరి.

బీచ్ రోడ్డులో పొద్దున ఎటు నడిచినా నీడ దొరకదు. దాన్ని ఉదయం 7:30 లోపే చూసేయండి, అప్పటిదాకా అక్కడికి బండ్లను కూడా రానివ్వరు.

మిట్టమధ్యాహ్నం, అలాగే సముద్రం వైపు వెళ్లే అడ్డవీధుల్లో ఈ లెక్క పనిచేయదు. ఆ కాసేపు భోజనానికి ఉంచుకోండి. పుదుచ్చేరి మ్యూజియం కూడా చూడాలనుకుంటే సోమవారం వెళ్లకండి, ఆ రోజు సెలవు.