జీడిపిక్కలేరే ఎండల్లో నొప్పి బిళ్ల వద్దు

మొన్న మాకు అన్నయ్య వరసైన ఒకాయన జీడితోటలో రెండు రోజులు పిక్కలేరి వచ్చాడు. ఒళ్లు హూనమైంది. మందుల షాపులో అడిగితే నొప్పి బిళ్లలు ఇచ్చారు. నాలుగో రోజుకి మూత్రం తగ్గింది, పాదాలు పొంగాయి. రక్త పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ (కిడ్నీ దెబ్బతింటే రక్తంలో పెరిగేది) 4.6. పాత కాగితాలు వెతికితే నిరుడే 1.8 ఉంది. ఎవరూ పట్టించుకోలేదు.

మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వాళ్లకి కిడ్నీ జబ్బంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు వైపు షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా ఎందుకొస్తోందో ఇంకా తేలలేదు. నీళ్లంటారు, పురుగుమందులంటారు, ఎండలో చాకిరీ అంటారు. అది తేలేలోపు మన చేతిలో ఉన్నది ఒకటుంది: నొప్పి బిళ్ల మింగకపోవడం.

చెమట కారి ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీకి రక్తం సరిగా అందదు. అప్పుడది లోపలికొచ్చే రక్తనాళాన్ని వెడల్పు చేసుకుని ఎలాగో నెట్టుకొస్తుంది. నొప్పి బిళ్లల్లో ఉండే డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ సరిగ్గా ఆ దారినే మూసేస్తాయి. చలికాలంలో తట్టుకున్న బిళ్లే మే నెలలో ముంచుతుంది.

స్ట్రిప్ తిప్పి చిన్న అక్షరాలు చదవండి. పారాసెటమాల్ అని కనబడగానే ధైర్యపడొద్దు, పక్కనే ఎసిక్లోఫెనాక్ కలిపి ఉండొచ్చు. అన్నయ్య జేబులో దొరికిన స్ట్రిప్ అలాంటిదే. ఆర్‌ఎంపీ వేసే నొప్పి సూదిలోనూ ఎక్కువగా ఉండేది డైక్లోఫెనాకే.

తోట పని పదకొండింటికల్లా ముగించండి. నీళ్ల సీసా లేకుండా వెళ్లొద్దు. డాక్టరు నీళ్లకి కొలత చెప్పి ఉంటే ఆ కొలతే. క్రియాటినిన్ పెరిగినవాళ్లు కొబ్బరిబోండాం మానండి, అందులో పొటాషియం ఎక్కువ (మన చెట్టు కాయే అయినా సరే). సోడియం తక్కువని అమ్మే ఉప్పూ వద్దు, అందులోనూ పొటాషియమే. పసర్లు వద్దు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే బీపీ బిళ్ల, నీరు తీసే బిళ్ల వేసుకోవాలా ఆపాలా అని అదే రోజు డాక్టరుకి ఫోన్ చేయండి. సీజన్‌కి ముందే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూపించుకోండి. క్రియాటినిన్ నార్మల్ అన్నా ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడుతోందో చెప్పే లెక్క) ఎంతో అడగండి, కిడ్నీ సగం పోయేదాకా క్రియాటినిన్ బయటపడకపోవచ్చు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, దూరమన్న సాకు చెల్లదు. నడుం పట్టేసిందా, వేడినీళ్ల కాపడం పెట్టండి, ఒకరోజు కూలి మానండి. బిళ్ల మింగొద్దు. పక్కింటావిడ ఇచ్చినా మింగొద్దు. ఇంట్లో మందుల డబ్బా ఉంటే ఈ రాత్రే తీసి చూడండి.