వేలం నోటీసు పడిన రోజు నుంచి

మీ ఊరి సర్కారు భూమి వేలానికి వస్తోందని తెలియగానే మొదట చేయాల్సింది నోటీసు పూర్తి కాపీ చేతికి తెచ్చుకోవడం. వాట్సాప్‌లో తిరిగే పేపరు కటింగ్ చాలదు. పేపర్లో వేసేది నాలుగు లైన్లే. సర్వే నంబర్లు, విస్తీర్ణం, షరతులు ఉండే అసలు కాగితం అమ్మే సంస్థ వెబ్‌సైటులోనో, ఆఫీసు బోర్డు మీదో ఉంటుంది. బోర్డు మీద కనబడితే అక్కడే ఫోటో తీయండి. కనబడకపోయినా ఖాళీ బోర్డును ఫోటో తీయండి. నోటీసు ఎప్పుడు అంటించారు, అసలు అంటించారా అన్నది రేపు వాదనలోకి వస్తుంది.

నేను పాత చిత్తూరు జిల్లాలో 31 ఏళ్లు సర్వే శాఖలో పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు తిరుపతిలో ఉంటున్నాను. గొలుసు లాగి కొలిచిన రోజుల నుంచి శాటిలైటు సాయంతో కొలిచే రోవర్లు వచ్చేదాకా చూశాను. వేలానికి పెట్టిన భూములకు రాళ్లు పాతించినవాణ్ని. అందుకే గట్టిగా చెబుతున్నాను: నోటీసు తేదీకీ వేలం తేదీకీ మధ్య ఉన్న రోజులే మీవి. వాటిని పోగొట్టుకుంటే తర్వాత ఏళ్ల తరబడి తిరగాలి.

ఎందుకంటే మన చట్టంలో ఒక పెద్ద సందు ఉంది. పర్యావరణ ప్రభావ అంచనాకు సంబంధించిన 2006 సెప్టెంబరు 14 నాటి ఈఐఏ నోటిఫికేషన్ జాబితాలో ఉన్న ప్రాజెక్టు ఏదైనా సరే, పర్యావరణ అనుమతి రాకముందు కట్టడం మొదలుపెట్టకూడదు, నేల చదును కూడా చేయకూడదు. భూమిని సంపాదించుకోవడానికి మాత్రం ఆ అనుమతితో పని లేదని అందులోనే రాశారు. అంటే సర్కారు అమ్మేటప్పుడు నీళ్లెటు పోతాయి, చెట్లేమవుతాయి అని ఆ నోటిఫికేషన్ అడగదు. కొన్నవాడు కట్టబోయేది 20,000 చదరపు మీటర్లకు చేరితేనే అనుమతికి వెళతాడు. అప్పటికి డబ్బు చేతులు మారి ఉంటుంది, రిజిస్ట్రేషన్ అయిపోయి ఉంటుంది. పైగా ఇళ్ల ప్రాజెక్టులకు, టౌన్‌షిప్పులకు ప్రజాభిప్రాయ సేకరణను ఆ నోటిఫికేషనే మినహాయించింది. పెద్ద ఫ్యాక్టరీ వస్తుంటే 30 రోజుల ముందు నోటీసిచ్చి సభ పెడతారు. మీ చెరువు మీద అపార్టుమెంట్లు లేస్తుంటే ఆ సభ కూడా ఉండదు.

మా తిరుపతి సంగతే చూడండి. 1991లో పేరూరు చెరువు భూమి తిరుమల తిరుపతి దేవస్థానానికి ఇస్తూ ఒక జీవో, 1994లో అవిలాల చెరువు భూమి నగరాభివృద్ధి సంస్థ తుడాకు, హౌసింగ్ బోర్డుకు ఇస్తూ ఇంకో జీవో వచ్చాయి. ఊరివాళ్లు కోర్టుకు పోయారు. హైకోర్టులో ఓడిపోయి, చివరికి 2006 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టులో గెలిచారు. చెరువులు ప్రజల ఆస్తి, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమే అని కోర్టు స్పష్టంగా చెప్పింది. ఇకమీదట కట్టడాలు వద్దంది. దేశమంతా ఉదహరించే తీర్పు అది. కానీ మొదటి జీవోకూ తీర్పుకూ మధ్య 15 ఏళ్లు గడిచాయి. అప్పటికే కట్టేసినవాటిని ఏ తీర్పు మాత్రం చెరువుగా మార్చగలదు? జీవో రాకముందే సరైన కాగితం ఒకటి ఫైల్లో పడి ఉంటే అన్నదే నా బాధ.

ఇక నోటీసు చదవడం. ముందు సర్వే నంబరు చూడండి. 118 అని కాకుండా 118/2ఏ అని ఉందనుకోండి, ఆ సబ్ డివిజన్ ఎప్పుడు పుట్టింది? వేలానికి కొద్ది నెలల ముందే చీల్చి ఉంటే, మిగిలిన 118/1లో, 118/2బిలో ఏముందో తప్పక చూడాలి. మంచి నేల అమ్మకానికి తీసి, వంకను (వాన నీళ్లు పారే వాగును) పక్క నంబరులోకి నెట్టడం నేను చూశాను. కాగితం మీద వంక పక్కకు పోతుంది గాని నీళ్లు పోవు. తర్వాత షరతుల్లో ‘ఉన్నది ఉన్నట్లుగా’ అనే మాట, ‘అన్ని అనుమతులూ కొనుగోలుదారే తెచ్చుకోవాలి’ అనే మాట ఉన్నాయేమో వెతకండి. దాదాపు ప్రతి నోటీసులోనూ ఉంటాయి. పర్యావరణ బాధ్యతను అమ్మేవాడు దులుపుకునేది అక్కడే. వేలానికి ముందు కొనదలచినవాళ్లతో పెట్టే ప్రీబిడ్ మీటింగ్ తేదీ ఉంటే రాసిపెట్టుకోండి.

రెండో రోజు రికార్డులు. తహసీల్దారు ఆఫీసులో ఊరి భూముల అసలు రిజిస్టరైన ఆర్‌ఎస్‌ఆర్ అడగండి. మా వాళ్లు డైగ్లాట్ అంటారు. ఆ నంబరుకు ఎదురుగా ఏమని రాసుందో అదే మీకు ఆయువుపట్టు. చెరువు పోరంబోకు, గుంట పోరంబోకు, వంక పోరంబోకు, మేత పోరంబోకు అని ఉంటే ఒక దారి. ఏడబ్ల్యూడీ, అంటే శిస్తు కట్టిన మెట్ట బంజరు అని ఉంటే ఇంకో దారి. పాత రిజిస్టరులో గుంట అని ఉండి, ఇప్పటి అడంగల్‌లో ఏడబ్ల్యూడీ అని కనబడితే, మార్చిన ఉత్తర్వు నంబరూ తేదీ అడగండి. గ్రామ పటం, ఒక్కో సర్వే నంబరు హద్దులు, కొలతలు చూపే ఎఫ్‌ఎంబీ నకలు కూడా తీసుకోండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి కాబట్టి, పాతదానికీ కొత్తదానికీ జోడు చూపే పట్టిక కూడా కావాలి. అది లేకుండా వాదిస్తే ‘మీరు చెప్పే నంబరే లేదు’ అని పంపించేస్తారు. తెలంగాణలో అయితే పాత భూరికార్డులైన సేత్వారు, ఖాస్రా పహాణీ, టిప్పన్ చూడాలి. అక్కడ శిఖం (చెరువు నేల), కంచ, గైరాన్ (మేత నేల) అన్న మాటలు వెతకాలి.

మూడో రోజు భూమి మీదికి వెళ్లండి. ఒంటరిగా వద్దు. అక్కడ గొర్రెలు మేపేవాళ్లను ఒకరిద్దరిని, ఆ ఊళ్లో పెద్దవయసు ఆడవాళ్లను వెంట తీసుకెళ్లండి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయో, ఏ వానకు ఎక్కడిదాకా వస్తాయో వాళ్లకు తెలిసినంత మాకు తెలియదు. ఎఫ్‌ఎంబీ కాగితం చేత్తో పట్టుకుని హద్దురాళ్లు ఒక్కొక్కటే వెతుక్కుంటూ నడవండి. తూము ఎక్కడ, మొరవ (చెరువు నిండితే నీళ్లు పొర్లే అలుగు) ఎక్కడ, మొరవ నీళ్లు దిగే కాలువ ఎవరి నంబరులోంచి పోతోంది, అన్నీ ఆ కాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఫోటోలు తీయండి. తర్వాత గూగుల్ ఎర్త్‌లో అదే చోటును పాత ఏళ్ల చిత్రాల్లో చూడండి. మా వైపు ఈశాన్య రుతుపవనాల వానలే పెద్దవి కాబట్టి నవంబరు, డిసెంబరు చిత్రాలు తీసుకోవాలి. ఏప్రిల్ చిత్రంలో ప్రతి చెరువూ బీడే.

ఈ మాట నేను ఊరికే అనడం లేదు. ఒక వేసవిలో, వేలానికని ఒక నంబరును చీల్చమని నన్ను పంపారు. గ్రామ పటంలో అక్కడ రెండు సన్నగీతల వంక ఉంది. నేల మీద చూస్తే కంపచెట్లు, ఇసుక, రెండు మేకలు. పక్క కాలనీలోని ఒక పెద్దమ్మ వచ్చి ‘సార్, ఇది ఏరు. మీకు ఇప్పుడు అగపడదు’ అంది. నేను విన్నాను. కొలతలు సరిగ్గానే వేశాను. కానీ రిమార్కుల గడిలో ఆ మాట రాయలేదు. అడగనిది రాయడం మాకు అలవాటు లేదు. భూమి అమ్ముడుపోయింది, ప్రహరీ లేచింది. కార్తీక మాసపు వానకు నీళ్లు ఆ గోడను తన్ని కాలనీలోకి తిరిగాయి. ఆ పెద్దమ్మ ఇంట్లో మంచం కోళ్ల మీదిదాకా బురద. ఆమె నన్నేమీ అనలేదు. ఆ ఖాళీ గడి ఇప్పటికీ నా కళ్లముందే ఉంది.

రిమార్కుల గడిలో అధికారి రాయనిది మీరు రాయాలి. అభ్యంతర పత్రం అంటే అదే. ఒక పేజీ చాలు. ఆవేశం వద్దు, ఎవరినీ తిట్టొద్దు, అవినీతి మాట ఎత్తొద్దు. ఇలా రాయండి: ‘ఫలానా తేదీ వేలం నోటీసులోని సర్వే నంబరు ఫలానా ఆర్‌ఎస్‌ఆర్‌లో వంక పోరంబోకుగా ఉంది (నకలు జతచేశాము). పై చెరువు మొరవ నీళ్లు దీనిగుండానే కింది చెరువుకు పోతాయి (ఫోటోలు జతచేశాము). రెవెన్యూ, జలవనరుల, అటవీ శాఖలు కలిసి జాయింట్ ఇన్‌స్పెక్షన్ చేసి, నివేదిక ఇచ్చేవరకు ఈ నంబరును వేలం నుంచి తప్పించాలని కోరుతున్నాము.’ కింద సంతకాలు, వేలిముద్రలు. అమ్మే సంస్థకు, కలెక్టరుకు, తహసీల్దారుకు, జలవనరుల శాఖ ఇంజినీరు ఈఈకి, జిల్లా అటవీ అధికారి డీఎఫ్‌వోకి తలా ఒక కాపీ. సోమవారం అర్జీల రోజున ఇవ్వండి. మా దగ్గర పీజీఆర్‌ఎస్, తెలంగాణలో ప్రజావాణి. మీ కాపీ మీద ముద్ర, తేదీ లేకుండా కదలొద్దు. ముద్ర వేయం అని వాళ్లంటే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

చెరువుకు ఆనుకున్న నేలైతే పూర్తి నీటిమట్టం గీత ఎక్కడో అడగండి. 2012 నాటి జీవో 168 (కట్టడాల నియమాలు; మా ఆంధ్రలో 2017లో వీటి స్థానంలో కొత్తవి వచ్చాయి, వాటినీ చూసుకోండి) ప్రకారం 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదానికి 9 మీటర్లు కట్టడం లేకుండా వదలాలి. ఆ మేరకు కొన్నవాడికి పనికిరాని నేలను అమ్ముతున్నారని పత్రంలో చేర్చండి. ఈ వాక్యం అమ్మేవాళ్లకు త్వరగా అర్థమవుతుంది.

చెట్లతో నిండిన నేల అయితే రికార్డులో అడవి అని లేకపోయినా వదలొద్దు. 1996 డిసెంబరు 12న గోదావర్మన్ కేసులో సుప్రీంకోర్టు, భూమి ఎవరిదైనా, నిఘంటువు అర్థంలో అడవి అయితే అడవే అంది. 2025లో హైదరాబాదు యూనివర్సిటీ పక్కనున్న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల విషయంలో కదిలించింది ఇలాంటి ప్రశ్నలే. ఉగాది, రంజాన్ సెలవుల్లో బుల్‌డోజర్లు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే పట్టించుకుని ఆపింది. అప్పటికే దాదాపు 100 ఎకరాల్లో చెట్లు పోయాయి. విద్యార్థులు తీసిన వీడియోలే లేకపోతే ఇంకెన్ని పోయేవో. ఏజెన్సీ ప్రాంతమైతే 1997 నాటి సమతా తీర్పు ఉంది. అక్కడ సర్కారు భూమిని గిరిజనేతరులకు ఇవ్వడమే కుదరదు.

సమాచార హక్కు దరఖాస్తు కూడా వేయండి. మండలంలో 5 రూపాయలు, జిల్లాలో 10. కానీ జవాబుకు 30 రోజుల గడువుంది, వేలం అంతదాకా ఆగదు. అందుకని నకళ్లతో పాటు ఫైలు తనిఖీ కూడా కోరండి; మొదటి గంటకు ఫీజు లేదు. ఫైల్లో నాలుగే చూడండి: ఊళ్లో చాటింపు వేసినట్లు పంచనామా ఉందా, దాని మీద సాక్షులు ఎవరు, జలవనరుల శాఖ అభిప్రాయం ఉందా, సర్వేయరు రిపోర్టులో రిమార్కుల గడి ఖాళీగా ఉందా. పంచనామాలో సంతకం చేసిన సాక్షి మీ ఊరివాడే అయితే ఇంటికి వెళ్లి, చాటింపు విన్నావా నాయనా అని అడిగి చూడండి.

మీ పత్రానికి జవాబు రాకుండా వేలం దగ్గరపడితే హైకోర్టులో పిల్ (ప్రజా ప్రయోజన వ్యాజ్యం) వేయించే లాయరును కలవండి. వేలానికి ముందు రోజు కాదు, కనీసం వారం ముందు. అప్పటికే అమ్ముడుపోయి ఉంటే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైటైన పరివేష్ పోర్టల్‌లో ఆ సర్వే నంబరుతో పర్యావరణ అనుమతికి దరఖాస్తు వచ్చిందేమో వారానికోసారి చూస్తుండండి. అనుమతి వస్తే, అది తెలిసిన రోజు నుంచి 30 రోజుల్లో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు అప్పీలు వేసుకోవచ్చు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు. ఆ అప్పీలుకు జతచేసే కాగితాల్లో మొదటిది, వేలానికి ముందే ముద్ర వేయించుకున్న మీ అభ్యంతర పత్రం.